బహ్రెయిన్‌లో నాలుగు నెలలుగా జీతం లేదు: కంపెనీ మారితే సర్వీసు డబ్బు పోతుందా?

సల్మాబాద్ వెల్డర్ · శుక్రవారం, ఉదయం 9:40

అందరికీ నమస్తే. మాది జగిత్యాల దిక్కు. 2017 మార్చిలో కంపెనీ వీసా మీద బహ్రెయిన్ వచ్చాను. వెల్డర్ పని, బేసిక్ 120 దినార్లు. జూన్ దాకా జీతం బ్యాంకులో పడింది. జూలై నుంచి అక్టోబర్ వరకు ఒక్క ఫిల్స్ లేదు. అడిగితే "మెయిన్ కాంట్రాక్టర్ బిల్లు ఇవ్వలేదు, వచ్చే వారం" అంటారు. ఆ వచ్చే వారం రావడం లేదు. క్యాంపులో గ్యాస్ బండకు కూడా తలా కొంత వేసుకుంటున్నాం.

సిత్రాలో ఇంకో వర్క్‌షాప్ వాళ్లు పిలుస్తున్నారు. వెళ్తానంటే మా సూపర్‌వైజర్ "వెళ్లు, కానీ సర్వీసు డబ్బు మర్చిపో, పాస్‌పోర్ట్ కూడా ఇవ్వం, పారిపోయాడని ఖల్లివల్లి కేసు పెడతాం" అంటున్నాడు. పాస్‌పోర్ట్ మొదటి నుంచీ ఆఫీసులోనే ఉంది. ఎనిమిదేళ్లు దాటిన సర్వీసు. ఉద్యోగం వదిలేటప్పుడు రావాల్సిన ఆ డబ్బు నిజంగా పోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పాత ఫ్లెక్సీ · శుక్రవారం, ఉదయం 10:05

అన్నా, నాకు తెలిసిన మాట ఒకటే. ఇక్కడ కాగితం మీద చట్టం బ్రహ్మాండంగా ఉంటుంది. జేబులోకి వచ్చేది వేరే. వచ్చినంత తీసుకుని సిత్రా పోవడమే మంచిది.

మనామా మాష్టారు · శుక్రవారం, ఉదయం 11:20

తమ్ముడూ, ముందు ఊపిరి పీల్చుకో. సూపర్‌వైజర్ చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ చట్టంలో లేదు.

ఇక్కడ ప్రైవేటు రంగానికి నడిచేది 2012 నాటి 36వ నంబరు లేబర్ చట్టం. అందులో 116వ ఆర్టికల్ సర్వీసు డబ్బుది. మొదటి మూడేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి ఒక నెల జీతం. కంపెనీ తీసేసినా, నువ్వే రాజీనామా చేసినా ఇది నీ హక్కు.

అయితే 2024 మార్చి 1 నుంచి లెక్క రెండు ముక్కలైంది. అప్పటి నుంచి ఈ డబ్బును కంపెనీ తన దగ్గర పెట్టుకోకూడదు. నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ ఆర్గనైజేషన్‌కు, అంటే మనవాళ్లు ఇంకా గోసీ అని పిలిచేదానికి కట్టాలి. సర్వీసు మూడేళ్ల లోపు ఉన్నవాడికి జీతంలో 4.2 శాతం, మూడేళ్లు దాటినవాడికి 8.4 శాతం. ఉద్యోగం వదిలాక ఆ ముక్క నీకు గోసీ నుంచే వస్తుంది, కంపెనీ కాళ్లు పట్టుకోనక్కర్లేదు. 2024 ఫిబ్రవరి దాకా ఉన్న పాత ముక్క మాత్రం కంపెనీ నెత్తిమీదే ఉంటుంది.

నీ లెక్క వేస్తాను చూడు. 2017 మార్చి నుంచి 2024 ఫిబ్రవరి వరకు ఏడేళ్లు. మొదటి మూడేళ్లకు 60 చొప్పున 180, తర్వాతి నాలుగేళ్లకు 120 చొప్పున 480. మొత్తం 660 దినార్లు కంపెనీ ఇవ్వాలి. 2024 మార్చి నుంచి మొన్న అక్టోబర్ వరకు ఇరవై నెలలు, నెలకు 10 దినార్ల 80 ఫిల్స్ (దినారుకు వెయ్యి ఫిల్స్) చొప్పున 201 దినార్ల 600 ఫిల్స్ గోసీలో ఉండాలి. దానికి నాలుగు నెలల జీతం 480 కలుపు. వాడు "మర్చిపో" అన్నది పదమూడు వందల దినార్ల పైమాటే.

గోసీలో నీ పేరు మీద నిజంగా పడుతున్నాయా అన్నది ముందు చూసుకో. సీపీఆర్, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, దాని నంబరుతో ఆన్‌లైన్‌లో తెలుస్తుంది.

సల్మాబాద్ వెల్డర్ · శుక్రవారం, మధ్యాహ్నం 1:15

మాష్టారు గారూ, చాలా థాంక్స్. ఇంత లెక్క ఎవరూ చెప్పలేదు. జీతం చీటీలో ప్రతి నెలా ఒక శాతం కటింగ్ ఉంటుంది, 1 దినార్ 200 ఫిల్స్. అదేనా ఈ గోసీ డబ్బు?

మనామా మాష్టారు · శుక్రవారం, మధ్యాహ్నం 1:30

కాదు. అది నిరుద్యోగ బీమా, 2006లో వచ్చిన చట్టం కింద పరాయి దేశపువాళ్ల జీతంలోంచి కూడా కోస్తారు. సర్వీసు డబ్బుకు నీ జీతంలోంచి పైసా కోయకూడదు, అది పూర్తిగా కంపెనీ వాటా. ఎవరైనా "గోసీకి" అంటూ 8.4 శాతం నీ దగ్గరే పట్టుకుంటే ఆ చీటీ జాగ్రత్తగా దాచు. అది నీకే సాక్ష్యం.

హెచ్ఆర్ కుర్చీ · శుక్రవారం, మధ్యాహ్నం 2:10

నేను ఇక్కడే ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో హెచ్ఆర్. కంపెనీల వైపు మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. చిన్న సబ్ కాంట్రాక్టర్‌కు పైనుంచి బిల్లు ఆరు నెలలకు కూడా రాదు. యాభై మంది జీతాలు, వర్క్ పర్మిట్ ఫీజులు, క్యాంపు అద్దె, అన్నీ ముందే పెట్టుబడి. అందరూ దొంగలు కాదు.

కానీ చట్టం ఈ కథ వినదు, వినకూడదు కూడా. జీతం ఆలస్యమైతే ఆరు నెలల వరకు ఏడాదికి 6 శాతం చొప్పున పరిహారం, ఆపైన నెలకో శాతం పెరుగుతూ 12 దాకా ఇవ్వాలని 40వ ఆర్టికల్‌లో ఉంది. ఇంకో సంగతి, కంపెనీ మునిగినా దాని ఆస్తుల మీద కార్మికుల బాకీకి ప్రాధాన్యం ఉంది.

జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న వేజ్ ప్రొటెక్షన్ పద్ధతి 2021 మేలో పెద్ద కంపెనీలతో మొదలై 2022 జనవరికి చిన్నవాటి దాకా వచ్చింది. కాబట్టి మీ నాలుగు నెలల ఖాళీ వర్క్ పర్మిట్లు చూసే ప్రభుత్వ సంస్థ ఎల్‌ఎంఆర్‌ఏ కంప్యూటర్‌లో ఇప్పటికే కనిపిస్తూ ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. అంతకు మించిన సాక్ష్యం లేదు.

పాత ఫ్లెక్సీ · శుక్రవారం, సాయంత్రం 4:45

ఆ 6 శాతం ఎంతో లెక్కేశారా సార్? 120కి నెలకు 600 ఫిల్స్. జూలై జీతానికి మూడు నెలలు, ఆగస్టుకు రెండు, సెప్టెంబరుకు ఒకటి. మొత్తం 3 దినార్ల 600 ఫిల్స్. రెండు పూటల బిర్యానీ కూడా రాదు. ఇలాంటి జరిమానాకు ఏ యజమాని భయపడతాడు? వడ్డీ లేని అప్పు కావాలంటే బ్యాంకుకు పోవడమెందుకు, కూలీల జీతం ఆపుకుంటే సరిపోయె.

నా సంగతి చెప్తా. నాకు కేసులో తీర్పు నా వైపే వచ్చింది. అప్పటికి కంపెనీ రిజిస్ట్రేషన్ లేదు, ఆఫీసుకు తాళం, ఖాతాలో సున్నా. తీర్పు కాగితం మా ఇంట్లో బీరువాలో ఉంది. అందుకే కోపంగా మాట్లాడుతున్నా, ఏమీ అనుకోకండి.

మనామా మాష్టారు · శుక్రవారం, సాయంత్రం 5:30

నీ కోపం న్యాయమే. అందుకే ఈ తమ్ముడికి నా సలహా: కంపెనీ ఇంకా నడుస్తూ ఉండగానే వెళ్లు. నాలుగు నెలలు ఓపిక పట్టినవాడు ఎనిమిది నెలలు పడతాడని వాళ్లకు తెలుసు. షట్టర్ పడ్డాక కోర్టు తీర్పు వసూలు చేయడం కష్టం. షట్టర్ తెరిచి ఉండగా నోటీసు వెళ్తే చాలా కంపెనీలు బేరానికి వస్తాయి, ఎందుకంటే లేబర్ బాకీ ఉన్న కంపెనీకి కొత్త వర్క్ పర్మిట్లు తెచ్చుకోవడం తలనొప్పి.

ఆర్మూర్ రాడ్ బెండర్ · శుక్రవారం, రాత్రి 8:10

మా క్యాంపులో కూడా ఇదే కథ అన్నా. అందరం కలిసి ఒక రోజు పని ఆపేద్దామా? అప్పుడు దిగిరాడా?

మనామా మాష్టారు · శుక్రవారం, రాత్రి 9:00

తొందరపడకు తమ్మీ. 2002 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలో సమ్మె హక్కు ఉంది, కానీ అది యూనియన్‌కు, ముందు నోటీసు ఇచ్చి, పద్ధతి ప్రకారం. క్యాంపులో మంచాల మీద కూర్చుని తీసుకున్న నిర్ణయం చట్టం కళ్లకు సమ్మె కాదు, పనికి రాకపోవడం. వరసగా పది రోజులు దాటి కారణం లేకుండా రాకపోతే, రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి, పరిహారం లేకుండా తీసేసే అవకాశం కంపెనీకి ఉంది. వాళ్ల చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

2008 ఫిబ్రవరిలో ఇక్కడ మన దేశపు నిర్మాణ కూలీలు వెయ్యి మందికి పైగా పని ఆపారు. అప్పుడే భారత ప్రభుత్వం నైపుణ్యం లేని కూలీకి కూడా 100 దినార్లకు తక్కువ ఒప్పుకోం అని కొత్తగా పెట్టిన రోజులు. అంతమంది ఒకేసారి కదిలితే పేపర్లలో వచ్చింది, రెండు ప్రభుత్వాలూ పలికాయి. పాతిక మంది ఆపితే సూపర్‌వైజర్ తప్ప ఎవరూ పలకరు.

పాతిక మందీ పాతిక ఫిర్యాదులు పెట్టండి. అది పనిచేస్తుంది.

హెచ్ఆర్ కుర్చీ · శుక్రవారం, రాత్రి 9:25

ఆ 100 దినార్ల ముచ్చట వచ్చింది కాబట్టి. బహ్రెయిన్‌లో ప్రైవేటు కంపెనీల పరాయి కార్మికులకు కనీస వేతనం అంటూ చట్టంలో లేదు. ఉన్నదల్లా మన దేశం వాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కోసం పెట్టుకునే అంకె. దాన్ని కూడా 2020 సెప్టెంబరులో కొన్ని గల్ఫ్ దేశాలకు 200 డాలర్లకు దించారు, అంటే 75 దినార్లు. దీని మీద తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు, 2021లో ప్రభుత్వం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. మన ప్రభుత్వమే మన కూలీ రేటు తగ్గించడం నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు.

సల్మాబాద్ వెల్డర్ · శనివారం, ఉదయం 6:20

గోసీ చూశాను. నెలనెలా పడింది! జూలై తర్వాత కూడా రెండు నెలలు కట్టారు. జీతం ఇవ్వనివాడు అది మాత్రం కట్టాడంటే ఆశ్చర్యంగా ఉంది.

ఇంకో రెండు అడగాలి. ఓవర్‌టైమ్ గంటకు 400 ఫిల్స్ ఇస్తారు, పగలైనా రాత్రైనా. అది కరెక్టేనా? ఒక రోజు జ్వరంతో పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోస్తారు, అదీ?

మనామా మాష్టారు · శనివారం, ఉదయం 7:45

రెండూ తప్పే. 120 దినార్లను 30తో భాగిస్తే రోజుకు 4, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 500 ఫిల్స్. ఓవర్‌టైమ్‌కు పగలు కనీసం 25 శాతం ఎక్కువ, రాత్రి 50 శాతం ఎక్కువ. అంటే పగలు 625 ఫిల్స్, రాత్రి 750. వారానికి 48 గంటలు దాటిన ప్రతి గంటకూ ఇదే లెక్క. మామూలు గంట కన్నా ఓవర్‌టైమ్ గంట చవగ్గా దొరుకుతుంటే వాడు కొత్త మనిషిని ఎందుకు పెట్టుకుంటాడు?

జ్వరం సంగతి. చేరి మూడు నెలలు దాటినవాడికి డాక్టర్ చీటీ ఉంటే ఏడాదిలో 15 రోజులు పూర్తి జీతంతో, ఇంకో 20 రోజులు సగం జీతంతో, మరో 20 రోజులు జీతం లేకుండా సిక్ లీవు ఉంది. హెల్త్ సెంటర్ చీటీ లేకుండా రూములో పడుకుంటే ఆ ఒక్క రోజు జీతం పోతుంది. రెండో రోజు కోయాలంటే అది శిక్ష కింద లెక్క. శిక్ష వేయాలంటే తప్పు ఏమిటో రాసిచ్చి, నీ మాట విని, రికార్డులో పెట్టాలి. సూపర్‌వైజర్ నోటి మాటతో కుదరదు.

ఓవర్‌టైమ్ గంటలకు నీ దగ్గర రుజువు ఉందా?

సల్మాబాద్ వెల్డర్ · శనివారం, ఉదయం 8:00

టైమ్ షీట్ కంటైనర్ తలుపు లోపల అంటిస్తారు. పెన్సిల్‌తో రాస్తారు. నెలాఖరుకు కొన్ని గంటలు రబ్బరుతో చెరిపేసి ఉంటాయి, ఆ మరక కనిపిస్తూనే ఉంటుంది.

మనామా మాష్టారు · శనివారం, ఉదయం 8:10

రోజూ సాయంత్రం దిగేటప్పుడు ఆ తలుపు ఫోటో తియ్యి. తారీఖు ఫోన్‌లోనే పడుతుంది. పెన్సిల్ చెరిగినా ఫోటో చెరగదు. ఇప్పటిదాకా తీసినవి ఏవైనా ఉంటే ఇంటికి కూడా పంపించు, ఫోన్ పోతే అన్నీ పోకుండా.

కొరింగ మునిమనవడు · శనివారం, ఉదయం 11:30

నమస్కారం. నేను మారిషస్ నుంచి. మా ముత్తాత తాత కొరింగ రేవు నుంచి ఓడెక్కి వచ్చినవారు. తెలుగు రాయడం నెమ్మది, ఓపిక పట్టండి.

ఒక రోజుకు రెండు రోజుల కోత అని చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా దీవిలో 1834 నుంచి కాంట్రాక్టు కూలీలను తెచ్చినప్పుడు చెరకు తోటల్లో ఇదే పద్ధతి. పేరు "డబుల్ కట్". ఒక రోజు రాకపోతే ఆ రోజు కూలీ, దానిపైన జరిమానాగా ఇంకో రోజు కూలీ. జబ్బు చేసినవాడు నెలాఖరుకు తోటకే బాకీ తేలేవాడు. అది అప్పుడు చట్టబద్ధం. మీ దగ్గర చట్టం ఒప్పుకోకపోయినా నడుస్తోందంటే ఏమనాలి?

సర్వీసు డబ్బు గురించి ఒక విచిత్రం. మా 2019 వర్కర్స్ రైట్స్ యాక్టులో కూడా యజమాని నెలనెలా ఒక నిధికి కట్టాలి, ఉద్యోగం మారినా గ్రాట్యుటీ మనిషి వెంటే వస్తుంది. చాలా మంచిది. కానీ చట్టం రాసినప్పుడు వలస కార్మికుల్ని దాని బయట పెట్టారు. మా బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టేది బంగ్లాదేశ్ వాళ్లు, భవనాల దగ్గర ఇండియా వాళ్లు. కూలీల మనవలు రాసుకున్న చట్టం కొత్త కూలీలను మర్చిపోయింది. బహ్రెయిన్‌లో ఇదే నిధి పరాయివాళ్ల కోసమే పెట్టారని ఇక్కడ చదివి మా ఇంట్లో చెప్తే ఎవరూ నమ్మలేదు.

ఆర్మూర్ రాడ్ బెండర్ · శనివారం, మధ్యాహ్నం 12:50

మారిషస్ అన్నా, మీ తెలుగు మా కన్నా బాగుంది.

రావులపాలెం అక్క · శనివారం, రాత్రి 10:40

ఇంట్లో పని చేసేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? నేను రిఫాలో ఒక ఇంట్లో ఉంటాను. పొద్దున్న ఐదింటికి లేస్తే రాత్రి ఈ టైముకి ఫోన్ పట్టుకున్నాను. మేడమ్ మంచిదే, జీతం ఆపదు. కానీ శుక్రవారం సెలవు లేదు, ఓవర్‌టైమ్ అన్న మాటే లేదు. పైన చెప్పిన 48 గంటలు నాకు వర్తిస్తాయా?

మనామా మాష్టారు · ఆదివారం, ఉదయం 6:50

అమ్మా, నిజం చెప్పాలి. వర్తించవు. 2వ ఆర్టికల్‌లోనే ఇంటి పనివాళ్లను, ఇళ్లలో పనిచేసే డ్రైవర్లను, వంటవాళ్లను, వాచ్‌మెన్లను చట్టం నుంచి తీసేసి, కొన్ని ఆర్టికల్స్ మాత్రం వాళ్లకూ ఉంటాయని రాశారు. ఆ కొన్నింటిలో రాతపూర్వక కాంట్రాక్టు, జీతం ఆలస్యానికి పరిహారం, ఏడాదికి 30 రోజుల సెలవు, 116వ ఆర్టికల్ సర్వీసు డబ్బు ఉన్నాయి. పని గంటలు, వారం సెలవు లేవు. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే. వెల్డర్‌కు గంటలు లెక్క ఉన్నాయి, పసిపిల్లను చంకనేసుకుని వంట చేసే మనిషికి లేవు.

2017 నుంచి ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకు మూడు పక్షాల కాంట్రాక్టు ఉంది: యజమాని, ఏజెన్సీ, మీరు. అందులో పని గంటలు, విశ్రాంతి, వారం సెలవు రాయాలి. మీ కాపీలో ఏం రాశారో చూడండి. చట్టం ఇవ్వనిది ఆ కాగితం ఇచ్చి ఉండొచ్చు. మీ సర్వీసు డబ్బు మాత్రం గోసీలో వెతక్కండి, ఇంటి యజమానే నేరుగా ఇవ్వాలి.

రావులపాలెం అక్క · ఆదివారం, రాత్రి 11:15

కాపీ నాకు ఇవ్వలేదు మాష్టారు గారూ. రేపు ఏజెన్సీకి ఫోన్ చేసి అడుగుతాను.

పాత ఫ్లెక్సీ · ఆదివారం, రాత్రి 11:40

అడగండక్కా. మాకు ఆ అడిగే దిక్కు కూడా లేదు. 2017 జూలైలో ఫ్లెక్సీ పర్మిట్ అని తెచ్చారు, కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, అక్కర్లేదు, నీకు నువ్వే యజమానివి అన్నారు. ఫీజులు మన జేబులోంచి, బీమా మన జేబులోంచి. జీతం ఎగ్గొడితే ఎవరి మీద ఫిర్యాదు? చట్టం దృష్టిలో నువ్వు కార్మికుడివే కాదు, వ్యాపారివి. 2022 అక్టోబరులో అదీ ఎత్తేసి ఇంకో రకం రిజిస్ట్రేషన్ పెట్టారు. కఫీల్ లేని బతుకు బాగుంటుందనుకున్నా. కఫీల్ లేకపోతే అడగడానికి కూడా ఎవరూ ఉండరని తర్వాత తెలిసింది.

హెచ్ఆర్ కుర్చీ · సోమవారం, ఉదయం 8:30

ఫ్లెక్సీకి ఇంకో వైపు కూడా ఉంది. వీసా పోయి దాక్కుని తిరుగుతున్న వేలమంది దానివల్లే పగటిపూట రోడ్డు మీదికి రాగలిగారు. కానీ మీరన్నది నిజం, అది కార్మిక చట్టం చేయాల్సిన పనికి బదులుగా పెట్టిన ఫీజు కౌంటర్.

వెల్డర్ గారికి కంపెనీ మారే విషయం ఎవరూ పూర్తిగా చెప్పలేదు. 2009లో అప్పటి కార్మిక మంత్రి మజీద్ అల్ అలావీ కఫాలా, అంటే కార్మికుణ్ణి వీసా ఇచ్చిన యజమానికి కట్టేసే పద్ధతి, బానిసత్వం లాంటిదని అన్నారు, ఆ ఆగస్టు నుంచి యజమాని ఒప్పుకోకపోయినా మారవచ్చన్నారు. 2011లో వ్యాపారుల ఒత్తిడితో దానికి ఒక మెలిక పెట్టారు, అదే యజమాని దగ్గర ఏడాది పనిచేసి ఉండాలని. మీకు ఎనిమిదేళ్లు. కాబట్టి రిలీజ్ పేపర్, అంటే పాత కంపెనీ ఒప్పుకోలు కాగితం కోసం ఎవర్నీ బతిమాలనక్కర్లేదు. సిత్రా వర్క్‌షాప్ వాళ్లు ఎల్‌ఎంఆర్‌ఏలో అప్లికేషన్ పెట్టాలి, మీరు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, నోటీసు రోజులు పని చేయాలి.

ఆ అప్లికేషన్ ఓకే అయ్యేదాకా సిత్రాలో ఒక్క రోజు కూడా పనికి కూర్చోవద్దు. ఇన్‌స్పెక్షన్‌లో దొరికితే తప్పు మీదవుతుంది, మీ బాకీ కథ పక్కకు పోతుంది. ఇంకో మాట, కొత్త వీసా పేరుతో సిత్రా వాళ్లు డబ్బు అడిగితే ఇవ్వకండి. పర్మిట్‌కు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోవడం ఎల్‌ఎంఆర్‌ఏ చట్టంలోనే నేరం.

మనామా మాష్టారు · సోమవారం, ఉదయం 9:10

హెచ్ఆర్ గారు చెప్పిందంతా సరి. దీనికి నా వైపు నుంచి కొంత కలుపుతాను, ఎందుకంటే అసలు తగాదా క్రమంలోనే ఉంది.

ముందు ఫిర్యాదు, తర్వాత రాజీనామా. క్యాంపు వదలొద్దు. ఖల్లివల్లి రిపోర్టు పెట్టారా అన్నది ఎల్‌ఎంఆర్‌ఏ సైట్‌లో సీపీఆర్ నంబరు కొట్టి రెండు రోజులకోసారి చూసుకో. పెడితే వెంటనే అభ్యంతరం చెప్పు. ఫిర్యాదు ముందే ఉంటే ఆ రిపోర్టు కక్షతో పెట్టిందని ఎవరికైనా అర్థమవుతుంది. నువ్వు వెళ్లిపోయాక ఫిర్యాదు పెడితే తప్పించుకోవడానికి పెట్టినట్టు ఉంటుంది.

లేబర్ కేసుకు కోర్టు ఫీజు లేదు. డిప్లొమాటిక్ ఏరియాలో న్యాయశాఖ దగ్గర లేబర్ కేసుల విభాగం ఉంది, ఆన్‌లైన్‌లో కూడా పెట్టవచ్చు. అక్కడి జడ్జి ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కాగితాలన్నీ చూసి రెండు నెలల్లో తేల్చాలి, అవసరమైతే పొడిగిస్తారు. రాజీ కుదరకపోతే కోర్టుకు పంపుతారు. అంతా అరబిక్‌లోనే. మన ఎంబసీ నెలకోసారి ఓపెన్ హౌస్ పెడుతుంది. అక్కడికి ఇక్కడి భారతీయులకు సాయం చేసే ఐసీఆర్‌ఎఫ్ సంస్థ వాళ్లు వస్తారు, లాయర్లతో సహా. బ్యాంకు స్టేట్‌మెంట్, కాంట్రాక్టు, సీపీఆర్, టైమ్ షీట్ ఫోటోలు పట్టుకెళ్లు.

పాస్‌పోర్ట్ భారత ప్రభుత్వం సొత్తు, కంపెనీ దాచుకోకూడదు. దాని కోసం ఎంబసీలో వేరే దరఖాస్తు పెట్టు.

ఇక గడువు. కాంట్రాక్టు ముగిసిన రోజు నుంచి ఒక ఏడాది లోపు కేసు వేయాలి, దాటితే హక్కు పోతుంది. ఊరెళ్లి పెళ్లి పనులు చూసుకుని వచ్చి వేద్దామనుకున్నవాళ్లు అలాగే పోగొట్టుకున్నారు.

సిరిసిల్ల చెల్లి · సోమవారం, రాత్రి 8:20

అన్నలకు నమస్తే. మా ఆయన హిద్ద్‌లో సైటు పని. ఎండాకాలంలో ఒకసారి కళ్లు తిరిగి పడ్డాడు, దేవుడి దయ వల్ల ఏం కాలేదు. మధ్యాహ్నం పని చేయించొద్దని రూలు ఉందట కదా, నిజమేనా? ఏమన్నా అయితే మాకు ఎవరు దిక్కు?

హెచ్ఆర్ కుర్చీ · సోమవారం, రాత్రి 9:05

నిజమే చెల్లెమ్మా. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో పని నిషేధం. ఇంతకు ముందు జూలై, ఆగస్టు రెండు నెలలే. 2025 నుంచి జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 దాకా పెంచారు. మీరితే మూడు నెలల వరకు జైలు, 500 నుంచి 1000 దినార్ల జరిమానా, లేదా రెండూ.

పనిలో దెబ్బ తగిలితే గోసీలో ప్రమాద బీమా ఉంది, దాని కిస్తీ కంపెనీ కడుతుంది. ఇటు మన వైపు, ఈసీఆర్ పాస్‌పోర్ట్ (విదేశీ పనికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయినది) మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా పనికిరాకుండా అయినా 10 లక్షలు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ఆ పాలసీ గడువు అయిపోయిందేమో మీ ఆయన్ని అడగండి. వెళ్లేటప్పుడు చేసి ఆ తర్వాత రెన్యువల్ మర్చిపోయినవాళ్లే ఎక్కువ.

మోడరేటర్ · సోమవారం, రాత్రి 9:30

కొందరు కంపెనీల పేర్లు, సీపీఆర్ నంబర్లు రాశారు. తీసేశాను. దయచేసి అవి ఇక్కడ పెట్టకండి, కేసులో ఉన్నవాళ్లకే ఇబ్బంది.

సల్మాబాద్ వెల్డర్ · (మూడు వారాల తర్వాత) గురువారం, సాయంత్రం 6:15

అందరికీ నమస్తే. ఎంబసీకి వెళ్లాను. మా క్యాంపు నుంచి పదకొండు మందిమి విడివిడిగా ఫిర్యాదులు పెట్టాం. పాస్‌పోర్టులు నాలుగో రోజే తిరిగి ఇచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు. సూపర్‌వైజర్ ఇప్పుడు నన్ను "భాయ్" అంటున్నాడు.

నిన్న ఆఫీసుకు పిలిచి ఇలా అన్నారు: నాలుగు నెలల జీతం పూర్తిగా ఇస్తాం, పాత సర్వీసు డబ్బు 660లో 350 ఇస్తాం, ఓవర్‌టైమ్ తేడా అడగొద్దు, "మాకు రావాల్సింది అంతా ముట్టింది" అని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టు. ముందు సంతకం, తర్వాత వచ్చే వారం చెక్కు అట. ఇంట్లో చెల్లి పెళ్లి ఉంది, 830 దినార్లు చేతికొస్తే తీసుకోవాలనే ఉంది. ఏం చేయమంటారు?

పాత ఫ్లెక్సీ · గురువారం, సాయంత్రం 6:25

మళ్లీ అదే వచ్చే వారం! సంతకం పెట్టకన్నా. నా మాట విను. మొదట్లో వచ్చినంత తీసుకోమన్నది నేనే, కానీ పదకొండు మంది కదిలారంటే వాడికి చెమటలు పడుతున్నాయి.

మనామా మాష్టారు · గురువారం, రాత్రి 7:40

జీతం 480 వాడు ఇచ్చే బహుమతి కాదు, దాన్ని బేరంలో కలపనివ్వకు. "జీతం ఇప్పుడు ఖాతాలో వేయండి, మిగతాది జడ్జి గారి ముందు మాట్లాడదాం" అను. ఖాతాలో పడితే వేజ్ ప్రొటెక్షన్ రికార్డులో వాళ్లకే మంచిది, కాబట్టి వేస్తారు.

ఆ కాగితం సంగతి. కాంట్రాక్టు నడుస్తుండగా గానీ, ముగిసిన మూడు నెలల లోపు గానీ చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటూ చేసిన ఒప్పందం చెల్లదని 4వ ఆర్టికల్ చెబుతోంది. అందుకని ధైర్యంగా సంతకం పెట్టేయకు. చెల్లదని నిరూపించే పని నీ నెత్తిన పడుతుంది. డబ్బు ముట్టిందని రాసిన కాగితం మీద డబ్బు ముట్టకుండా సంతకం పెట్టడం ఏ దేశంలోనూ తెలివి కాదు. రాజీ ఇష్టమైతే చేసుకో, అది నీ ఇష్టం, పెళ్లి అవసరం నాకు తెలుసు. కానీ లేబర్ జడ్జి ముందు రాసుకో. అక్కడ రాస్తే అమలుకు వెళ్లవచ్చు, ఆఫీసులో రాస్తే వాడి సొరుగులో ఉంటుంది.

హెచ్ఆర్ కుర్చీ · గురువారం, రాత్రి 8:05

350 అన్నవాడు 500 దగ్గర ఆగుతాడు, మా వృత్తిలో ఉన్నవాడిగా చెప్తున్నా. ఓవర్‌టైమ్ ఫోటోలు మీ దగ్గర ఉన్నాయని వాళ్లకు తెలుసా? తెలియకపోతే తెలియజేయండి.

సల్మాబాద్ వెల్డర్ · (పన్నెండు రోజుల తర్వాత) మంగళవారం, రాత్రి 9:50

జీతం 480 ఖాతాలో పడింది. సర్వీసు డబ్బు జడ్జి ముందు మొత్తం 660కి ఒప్పుకున్నారు, రెండు వాయిదాల్లో. మొదటిది ముట్టింది. ఓవర్‌టైమ్ తేడా వదిలేశాను, చెరిపేసిన నెలలకు నా దగ్గర ఫోటోలు లేవు. మిగతా పది మందిలో ముగ్గురు ఆఫీసులోనే సంతకం పెట్టి సగానికి ఒప్పుకున్నారు, వాళ్లకు ఇంకా చెక్కు రాలేదు. సిత్రా ట్రాన్స్‌ఫర్ ఎల్‌ఎంఆర్‌ఏలో నడుస్తోంది.

ఒక్కటి మిగిలింది. పాత కంపెనీ తీసిన బ్యాంకు ఖాతా మూసేసి కొత్తది తీయమంటున్నారు సిత్రా వాళ్లు. మూసేయనా?

మనామా మాష్టారు · మంగళవారం, రాత్రి 10:15

గోసీ డబ్బు పడేదాకా ముట్టుకోకు. వాళ్లు ఐబాన్, అంటే బ్యాంకు ఖాతా పూర్తి నంబరు, చూసే వేస్తారు, దరఖాస్తులో ఏ నంబరు ఇచ్చావో ఆ ఖాతా బతికి ఉండాలి. కొత్తది కావాలంటే పక్కన ఇంకోటి తీసుకో. రెండో వాయిదా కూడా పాతదానిలోకే రావాలి కదా.

ఆర్మూర్ రాడ్ బెండర్ · మంగళవారం, రాత్రి 10:30

అన్నా, ఎంబసీ ఓపెన్ హౌస్ మళ్లీ ఎప్పుడో తారీఖు పెట్టండి. మా క్యాంపు నుంచి పద్నాలుగు మందిమి వస్తున్నాం.